ఫోనులో ఉందిలే అనుకోవద్దు

మా నానీకి ఎన్ని ఢోలక్ పాటలు వచ్చో ఆమెకే లెక్క తెలియదు. పెళ్లింట్లో పసుపు పూసే రాత్రి ఆడవాళ్లంతా చుట్టూ చేరితే, వియ్యపురాలిని ఆటపట్టించే పాటలు, ఆడపడుచుల మీద చమత్కారాలు దక్కనీలో ఒకదాని వెంట ఒకటి పాడేవారు. అవి ఏ పుస్తకంలోనో చూసి నేర్చినవి కావు, తల్లి నోట విని నేర్చినవి. ఒక ఈద్ మరునాడు మా ఇంటి ఆడపిల్ల సెల్‌ఫోన్‌ను నానీ ముందు పెట్టి గంటసేపు పాడించి రికార్డు చేసింది. మధ్యలో నానీ ఆగి నవ్వడం, ఒక చరణం మరచిపోయి ఖాలాను అడగడం, అన్నీ అందులో ఉన్నాయి. "ఫోనులో ఉంది కదా" అని అందరం నిశ్చింతగా ఉన్నాము.

నానీ పోయిన ఏడాదికి ఆ ఫోను తెర పగిలింది. బాగుచేయమని ఇస్తే దుకాణంలోని కుర్రవాడు తెర మార్చడమే కాక, లోపల ఉన్నదంతా తుడిచివేసి కొత్త ఫోనులా చేసి ఇచ్చాడు. అతని తప్పు కంటే మా తప్పే ఎక్కువ. మరొక ప్రతి తీసి పెట్టుకోవాలన్న ఆలోచన ఇంట్లో పదిమందిలో ఒక్కరికీ రాలేదు. ఈనాడు ఆ పాటల్లో రెండు మూడు ఖాలాకు సగం సగం గుర్తున్నాయి. మిగిలినవి నానీతోనే పోయాయి.

కొత్త ఫోన్లు, కొత్త యాప్‌ల వార్తలు రోజూ వస్తూనే ఉంటాయి. ఈసారి మేము వాటిని పక్కన పెట్టాము. కంప్యూటర్ ప్రపంచంలో పోయినవాటి వార్తలు కొన్ని, దొరికినవాటి వార్తలు కొన్ని ఏరి తెచ్చాము. ఇవి ప్రతి ఇంటికీ పనికివచ్చేవని మా నమ్మకం.

పోయినవాటి కబుర్లు

"ఇంటర్నెట్‌లో ఒకసారి పెడితే అది ఎప్పటికీ పోదు" అని అందరూ అంటారు. ఇది సగమే నిజం. మనం దాచుకోవాలనుకున్నది పోతుంది. పోతే బాగుండుననుకున్నది ఎక్కడో ఒకచోట మిగిలి ఉంటుంది.

ఆర్కుట్ సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2004లో మొదలైన ఆర్కుట్‌కు మన దేశంలో ఎంత ఆదరణ ఉండేదో చెప్పనవసరం లేదు. కాలేజీ స్నేహితుల పలకరింపులు, పెళ్లి ఫోటోలు, పండుగ శుభాకాంక్షలు అన్నీ అక్కడే. 2014 సెప్టెంబరు 30న గూగుల్ దానిని మూసివేసింది. ఎవరి ఫోటోలు వారు దించుకోవడానికి 2016 సెప్టెంబరు వరకు గడువు ఇచ్చింది. ఆ సంగతి తెలిసినవారు దించుకున్నారు. తెలియనివారు పోగొట్టుకున్నారు.

2019లో అమెరికాకు చెందిన మైస్పేస్ ఇంకా చిత్రమైన మాట చెప్పింది. కంప్యూటర్లు మార్చేటప్పుడు పొరపాటు జరిగిందనీ, మూడేళ్ల కిందట, అంతకు ముందు జనం పెట్టిన పాటలు, ఫోటోలు, వీడియోలు పోయాయనీ ఆ సంస్థ ప్రకటించింది. పోయిన పాటలే 5 కోట్లకు పైగా ఉంటాయని అంచనా. ఒకప్పుడు ఆ సంస్థ చిన్నదేమీ కాదు.

స్కైప్ కూడా ఇటీవలే వెళ్లిపోయింది. 2003లో వచ్చిన స్కైప్‌ను మైక్రోసాఫ్ట్ 2025 మే 5న మూసివేసింది. దూరదేశంలో ఉన్న కొడుకు ముఖాన్ని మొదటిసారి తెర మీద చూసి కన్నీళ్లు పెట్టుకున్న తల్లులు మన ఇళ్లలో ఎందరో ఉన్నారు. ఆ పలకరింపులకు ఇప్పుడు వేరే దారులున్నాయి, కాదనము. కాని ఎంత పెద్ద సంస్థ నడిపేదైనా శాశ్వతం కాదన్న పాఠం ఇందులో ఉంది.

అమెరికాలోని ప్యూ పరిశోధన సంస్థ 2024లో ఒక లెక్క బయటపెట్టింది. 2013లో ఉన్న వెబ్ పేజీలలో నూటికి 38 పదేళ్ల తరువాత దొరకడం లేదట. అంటే అయిదింట రెండు దాదాపుగా లేనట్లే.

ప్రైవేటు కంపెనీల సంగతి సరే, ప్రభుత్వాల దగ్గరైనా భద్రంగా ఉంటుందా అని అడిగేవారికి దక్షిణ కొరియా కబురు వినిపించాలి. 2025 సెప్టెంబరు 26న ఆ దేశంలోని డేజాన్ నగరంలో ప్రభుత్వ కంప్యూటర్ కేంద్రంలో బ్యాటరీలు అంటుకొని మంటలు లేచాయి. ప్రభుత్వోద్యోగులు తమ కార్యాలయ పత్రాలు దాచుకునే 858 టెరాబైట్ల భండారం కాలిపోయింది. దానికి రెండో ప్రతి లేదు. సాంకేతికంగా ఎంతో ముందున్న దేశానికే ఈ గతి పడితే, తెర పగిలిన మన ఫోను ఒక లెక్కా!

ఇక మన ఇళ్లకు నేరుగా తగిలే సంగతి. రెండేళ్లపాటు ఒక్కసారి కూడా వాడని గూగుల్ ఖాతాలను, వాటిలోని ఉత్తరాలు, ఫోటోలతో సహా తొలగించవచ్చునని ఆ సంస్థ నియమం పెట్టింది. 2023 డిసెంబరు నుంచి ఇది అమలులోకి వచ్చింది. మరణించిన పెద్దల ఖాతా తెరిచేవారు ఎవరుంటారు? అబ్బాజాన్ పోయారు, ఆయన ఫోను బీరువాలో ఉంది, పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు. రెండేళ్లు ఎంతలో గడుస్తాయి!

దొరికినవాటి కబుర్లు

నిరాశపడాల్సిన పని లేదు. పోయేవాటిని ఆపి దాచేవారు కూడా ఈ లోకంలో ఉన్నారు.

1996లో బ్రూస్టర్ కాహ్లే అనే ఆయన శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సంస్థను స్థాపించారు. ప్రపంచంలోని వెబ్ పేజీలు మాయమయ్యేలోపు వాటి ప్రతులు తీసి దాచడం ఈ సంస్థ పని. 2001 నుంచి వాటిని 'వేబ్యాక్ మెషిన్' పేరుతో అందరికీ ఉచితంగా చూపిస్తున్నది. పాత వెబ్‌సైటు చిరునామా, సంవత్సరం ఇస్తే ఆనాటి పేజీ కనబడుతుంది. 2025 అక్టోబరు నాటికి ఇలా దాచిన పేజీలు లక్ష కోట్లకు చేరాయి.

అంతటి సంస్థ కూడా దెబ్బ తిన్నది. 2024 అక్టోబరులో దొంగలు దాని కంప్యూటర్లలో చొరబడి మూడు కోట్లకు పైగా ఖాతాల వివరాలు ఎత్తుకుపోయారు. కొన్ని రోజులు వెబ్‌సైటే పనిచేయలేదు. అయినా దాచిన పేజీలు నిలిచాయి. ఆ సంస్థ తన సేకరణ ప్రతిని ఒకదానిని 2002లోనే ఈజిప్టులోని కొత్త అలెగ్జాండ్రియా గ్రంథాలయానికి కూడా ఇచ్చి ఉంచింది. ప్రాచీన కాలంలో అదే నగరంలో మహా గ్రంథాలయం నాశనమైన కథ మనకు తెలిసిందే. ఒకేచోట ఉన్నది ఎంత గొప్పదైనా ఒకే దెబ్బకు పోతుందని ఆ నగరం కంటే బాగా ఎవరికి తెలుసు?

మన తెలుగు పుస్తకాలకు సంబంధించి ఇలాంటిదే మరొక కథ ఉంది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారం అందుకున్న రాజ్ రెడ్డి గారి ప్రోత్సాహంతో పాత పుస్తకాలను కంప్యూటర్లకు ఎక్కించే పెద్ద పని మొదలైంది. హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ, బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ మొదలైనవి అందులో పాల్గొన్నాయి. 'డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా' పేరుతో తెలుగు, ఉర్దూ, అరబిక్, పర్షియన్ పుస్తకాలతో సహా లక్షల పుస్తకాలు అందుబాటులోకి వచ్చాయి. కొన్నేళ్ల తరువాత ఆ వెబ్‌సైటు ఆగిపోయింది. అయితే, అది ఆగకముందే కొందరు ఆ పుస్తకాల ప్రతులు తీసి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో చేర్చారు. అందువల్ల ఊళ్లో గ్రంథాలయాలు మూతపడిన చోట కూడా మన పిల్లలు ఆ పుస్తకాలను ఫోనులో చదవగలుగుతున్నారు. రెండో ప్రతి ఉన్నది కనుక బతికింది. కొరియా భండారానికి, ఈ పుస్తకాలకు ఉన్న తేడా అంతే.

ఉన్నా చదవలేని ఉత్తరాలు

దాచడం ఒక్కటే చాలదు. దాచినది చదవగలగాలి. ఇది కూడా మనకు అనుభవమే.

1990ల చివర తెలుగు పత్రికలు ఇంటర్నెట్‌లోకి వచ్చినప్పుడు ఒక్కొక్క పత్రికకు ఒక్కొక్క ఫాంటు ఉండేది. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెలుగు అక్షరాలకు బదులు పిచ్చిగీతలు కనిపించేవి. ఆనాడు కంప్యూటర్‌లో అచ్చుకు కూర్చిన శుభలేఖలు, సావనీర్లు, మసీదు కమిటీ కరపత్రాలు ఎవరి దగ్గరైనా ఫైళ్లుగా మిగిలి ఉన్నా, ఇప్పుడు తెరిస్తే అదే పరిస్థితి. ప్రపంచంలోని లిపులన్నిటికీ ఒకే పద్ధతిలో సంఖ్యలు కేటాయించే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో అది మామూలు కంప్యూటర్లకు చేరింది. ఈనాడు ఏ ఫోనులో తెలుగు టైపు చేసినా మరే ఫోనులోనైనా కనిపించడానికి కారణం అదే. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా కూడా ఈ పునాది మీదే నిలిచింది.

ఉర్దూ సంగతి ఇంకా కష్టం. వంపులు తిరుగుతూ పై నుంచి కిందికి జారే నస్తాలీఖ్ రాతను యంత్రానికి నేర్పడం చాలాకాలం సాధ్యం కాలేదు. కాతిబులు చేత్తో రాస్తేనే పత్రికలు అచ్చయ్యేవి. 1981లో నూరీ నస్తాలీఖ్ వచ్చిన తరువాతే కంప్యూటర్‌లో ఉర్దూ అందంగా కూర్చడం మొదలైంది. ఐఫోన్‌లో ఉర్దూకు నస్తాలీఖ్ రాత 2017లో గాని రాలేదు.

ఇక్కడ మన గుండెను తాకే సంగతి ఒకటి ఉంది. దాదాజాన్ రాసిన ఉర్దూ ఉత్తరాలు ట్రంకుపెట్టెలో భద్రంగానే ఉన్నాయి. చదివేవారే ఇంట్లో లేరు. తెలుగు మీడియంలోనో, ఇంగ్లీషు మీడియంలోనో చదివిన మనవలకు ఉర్దూ మాట అర్థమవుతుంది కాని అక్షరం తెలియదు. ఫాంటు లేని కంప్యూటర్‌కు, అక్షరం రాని మనవడికి తేడా ఏముంది? ఇద్దరికీ అవి గీతలే.

ఇందుకు పనికివచ్చేది కూడా ఇంటర్నెట్‌లో దొరికింది. 2013లో సంజీవ్ సరాఫ్ ప్రారంభించిన రేఖ్తా వెబ్‌సైటులో ఉర్దూ కవిత్వం ఉర్దూ లిపిలోనూ, నాగరి లిపిలోనూ, ఇంగ్లీషు అక్షరాల్లోనూ ఉంటుంది. తెలియని మాట మీద నొక్కితే అర్థం చెబుతుంది. లిపి నేర్పే పాఠాలు కూడా వారు ఉచితంగా ఇస్తున్నారు. సెలవుల్లో రోజుకు అరగంట కూర్చుంటే అక్షరాలు పట్టుబడతాయి. అయితే, దాదాజాన్ చేతిరాతను విప్పి చెప్పడానికి ఊళ్లో ఉన్న పెద్దవారి సాయం తీసుకోవలసిందే. వారు ఉండగానే తీసుకోవాలి. వారు వెళ్లిపోయాక ఎన్ని వెబ్‌సైట్లు ఉన్నా ఏం లాభం?

క్యాసెట్ చెప్పిన నీతి

మా ఇంటి కథకే మళ్లీ వస్తాము. నానీ పాటలు పోయిన తరువాత మామూజాన్ అటక మీద నుంచి ఒక అట్టపెట్టె దించారు. అందులో నాలుగు క్యాసెట్లు ఉన్నాయి. 1980లలో నానాజాన్ జిద్దాలో పనిచేసేటప్పుడు ఉత్తరాలకు బదులు టేప్ రికార్డర్‌లో మాట్లాడి, ఊరికి వచ్చేవారి చేత పంపించినవి. ఆ రోజుల్లో గల్ఫ్‌కు మనిషి వెళ్లిన ఇళ్లలో ఇది అలవాటే. ఫోన్ చేయాలంటే బోలెడు ఖర్చు, ఉత్తరం చదవాలంటే మరొకరి దగ్గరకు వెళ్లాలి. క్యాసెట్ అయితే ఆయన గొంతే వినవచ్చు.

ఫిలిప్స్ కంపెనీ ఈ క్యాసెట్‌ను 1963లో ప్రపంచానికి పరిచయం చేసింది. నిన్నమొన్న తీసిన ఫోను రికార్డింగు పోయింది. నలభై ఏళ్ల నాటి క్యాసెట్ మాట్లాడింది. అందుకని పాతదే గొప్పదని మేము అనడం లేదు. క్యాసెట్ టేపు కూడా బూజు పడుతుంది, సాగుతుంది. పైగా దానిని ఆడించే యంత్రాలు అరుదైపోతున్నాయి. వీడియో క్యాసెట్ల సంగతి చూడండి. వాటిని ఆడించే వీసీఆర్‌ల తయారీని జపాన్‌కు చెందిన ఫునాయి కంపెనీ 2016 జులైలో ఆపివేసింది. పెళ్లి వీడియో క్యాసెట్ బీరువాలో ఉంటుంది, చూసే దారి ఉండదు. కాబట్టి క్యాసెట్‌ను నమ్ముకోవడమూ సరికాదు, ఫోనును నమ్ముకోవడమూ సరికాదు. ఏ వస్తువూ దానంతట అది దాచదు. దాచేది మనిషే.

కొందరు పెద్దలు ఈ మాటకు అడ్డు చెబుతారు. "పోయినవారికి కావలసింది మన దువా, ఫోటోలూ రికార్డులూ కాదు" అంటారు. ఆ మాటను మేము కాదనలేము. అయితే, ఇవి పోయినవారి కోసం కాదు, రాబోయేవారి కోసం. తాత ఏ ఎండలో ఏ పని చేసి ఇల్లు నిలబెట్టాడో, ఏ మాట చెప్పి బిడ్డలను ఓదార్చాడో ఆయన గొంతులోనే వింటే, మునిమనవడికి తన ఇల్లు ఎలా నిలబడిందో తెలుస్తుంది. అది పనికిమాలిన విషయం కాదు.

మరికొందరు దీనికి విరుద్ధం. ప్రతిదీ దాస్తారు. పొద్దున్నే వచ్చే పూల బొమ్మల శుభోదయాలు, ఒకే బిర్యానీకి తీసిన పదిహేను ఫోటోలు, అన్నీ ఉంటాయి. పదివేల ఫోటోల కుప్పలో అబ్బాజాన్ ఫోటో కావాలంటే దొరకదు. దాచడమంటే కుప్ప పోయడం కాదు, ఏరడం.

మనం చేయవలసినవి

ఇందుకు పెద్ద ఖర్చు లేదు. ఫోటోగ్రాఫర్లలో ఒక లెక్క ప్రచారంలో ఉంది: మూడు, రెండు, ఒకటి. ముఖ్యమైనదానికి మూడు ప్రతులు ఉండాలి. అవి రెండు రకాల సాధనాల్లో ఉండాలి. ఒకటి మాత్రం వేరే ఊళ్లో ఉండాలి. ఒక ప్రతి ఫోనులో లేదా ఇంటర్నెట్ ఖాతాలో, ఒకటి ఇంట్లో హార్డ్ డిస్కులో, ఒకటి రియాద్‌లో ఉన్న తమ్ముడి దగ్గరో హైదరాబాదులో ఉన్న అక్క దగ్గరో. బంధువులు నాలుగు ఊళ్లలో చెదిరిపోయారని బాధపడే మనకు, ఈ ఒక్క విషయంలో ఆ దూరమే మేలు చేస్తుంది.

పెన్ డ్రైవ్‌లో వేసి పెట్టెలో పడేస్తే సరిపోదు. ఏళ్ల తరబడి వాడకుండా ఉంచితే అందులోని సమాచారం చెడిపోవచ్చు. ఏడాదికి ఒకసారి, ఏదో ఒక పండుగకు ముందు ఇల్లు దులిపే రోజున, దానిని తెరిచి చూసే అలవాటు పెట్టుకోవాలి.

క్యాసెట్లు ఉన్నవారు పనిచేసే టేప్ రికార్డర్ ఉండగానే త్వరపడాలి. టేప్ రికార్డర్ ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటర్‌కు ఒక వైరు కలిపి, ఉచితంగా దొరికే ఆడాసిటీ వంటి ప్రోగ్రాములో రికార్డు చేయవచ్చు. ఉత్తరాలైతే కిటికీ దగ్గర పగటి వెలుతురులో రెండు వైపులా ఫోటో తీయాలి. ఎవరు ఎవరికి ఏ సంవత్సరంలో రాశారో ఫైలు పేరులోనే రాయాలి. పేరు లేని ఫోటో కొన్నాళ్లకు ఎవరిదో తెలియని ఫోటో అవుతుంది.

పెద్దల ఖాతాల సంగతి వారు బాగున్నప్పుడే మాట్లాడుకోవాలి. కొన్ని నెలలు వాడకపోతే ఖాతాలోని వివరాలు ఫలానా వారికి అందేటట్లు ముందే రాసిపెట్టే ఏర్పాటు గూగుల్‌లో 2013 నుంచి ఉంది. యాపిల్ ఫోన్లలో ఇలాంటిది 2021 డిసెంబరులో వచ్చింది. ఇంటి దస్తావేజులు ఎవరి చేతికి రావాలో చెప్పే పెద్దలు దీనిని కూడా చెప్పడంలో తప్పు లేదు.

చివరగా ఒక హెచ్చరిక. దాచడం వేరు, నలుగురికీ చూపడం వేరు. ఇంటి ఆడవారి ఫోటోలు, గొంతులు వారిని అడగకుండా ఎక్కడా పెట్టకూడదు. కొద్ది క్షణాల గొంతు దొరికితే చాలు, అదే గొంతుతో డబ్బు పంపమని ఫోను చేయించే మోసగాళ్లు తయారైన కాలమిది. ఇంటిది ఇంటివారి మధ్యనే ఉండాలి.

ఈ శుక్రవారం భోజనాలయ్యాక ఒక గంట దీనికోసం కేటాయించండి. ఇంట్లో అందరికంటే పెద్దవారి పక్కన పిల్లలను కూర్చోబెట్టి, వారి చిన్ననాటి సంగతులు అడిగించి రికార్డు చేయించండి. లేచేలోపు దాని ప్రతి మరొకరి ఫోనుకు పంపించండి, సాయంత్రానికి మూడోది తీయండి. మా ఇంట్లో ఇప్పుడు ఖాలా వంతు వచ్చింది. సగం గుర్తున్న ఆ రెండు మూడు పాటలు ఆమె పాడుతుంటే నాలుగు ఫోన్లు ఎదురుగా పెట్టుకొని కూర్చుంటున్నాము. మిగిలిన సగం ఎవరైనా పాఠకుల ఇంటి నానీకి గుర్తుంటే, దయచేసి ఆమె చేత పాడించి దాచండి.